గీత దాటిన కుటుంబము

విమానాశ్రయము 2008లో వెలసిన పిమ్మట సామాను మోయుటకును, ఊడ్చి తుడుచుటకును శంషాబాదు పరిసరములనుండి ఆలుమగలిరువురును పనికి పోవు కుటుంబములు పెక్కు గలవు. తెలంగాణమున ఆహారభద్రతా కార్డునకు వార్షికాదాయ పరిమితి గ్రామములందు 1.5 లక్షలు, పట్టణములందు 2 లక్షలు. 2018లో పురపాలకమైన శంషాబాదు రెండవ కోవలోనిది. ఈ పరిమితి ఒక్కరి జీతమునకు గాక కుటుంబమంతటి రాబడికి వర్తించును. నెలకు చెరి తొమ్మిదివేలు తెచ్చుకొను దంపతుల రాబడి ఏటికి 2,16,000 రూపాయలగును గనుక, ఆ పదునారువేల మిగులు వలన, మనిషికి నెలకు ఆరు కిలోల చొప్పున రాదగిన సన్నబియ్యము నిబంధన ప్రకారము మొత్తముగా చేజారును. ఇది అన్యాయము.

ఆదాయపు పన్ను నూతన విధానమున 2025-26 నుండి 12 లక్షలవరకు పన్ను లేకుండ రాయితీ నొసగి, ఆ గీత నించుక దాటినవారికి సైతము దాటిన సొమ్మునకు మించి పన్ను పడకుండ కేంద్రము ఉపశమనము కల్పించినది. ఆ వివేకము బియ్యపు కార్డు కడ ఏల కొఱవడవలె? అమెరికాలో 1975 నుండి శ్రామిక కుటుంబములకిచ్చు పన్ను రాయితీ, రాబడి హెచ్చినకొలది క్రమముగా తగ్గునేగాని ఒక్కుమ్మడి తెగిపోదు. కనీస వేతనము పెరిగినపుడెల్ల పరిమితియు పెరుగునట్లును, గీత దాటిన కుటుంబమునకు ఒక యేడాదియైన గడువు దక్కునట్లును పౌరసరఫరాల శాఖ నిబంధనలను సవరింపవలయును.