గృహిణీ విషయములు: నన్నారి పానకము

వేసవి ముదిరినకొలది గృహిణికి గలుగు మొదటి చింత ఇంటివారి దాహమును గూర్చినది. పొలమునుండి వచ్చినవారికిని, బడినుండి వచ్చిన పిల్లలకును, ఎండనబడి వచ్చిన చుట్టములకును ముందుగా నందీయవలసినది చల్లని పానీయమే గదా! కర్నూలు, కడప ప్రాంతములలో ఎండ 40 డిగ్రీలను దాటుట యేటేటను జూచుచున్నదే. ఈ సీమవారు తరతరములుగా నీ దాహమున కెరిగిన యుపాయము నన్నారి. దీనినే సుగంధిపాల యనియు, సంస్కృతమున శారిబ, అనంతమూలము అనియు నందురు.

ఐరోపా పల్లెలలో కంచెలవెంట పూచు ఎల్డరు పూవులను స్త్రీలు కోసి తెచ్చి, చక్కెరలోను నిమ్మలోను ఊరవేసి పానకమును, సారాయిలో నానవేసి తీపి మద్యమును చేసికొందురు. మన నల్లమలలో నట్టి పూవు ఇప్పపూవు. చెంచువారు దాని నేరి యెండబెట్టి తినుటయు, పులియబెట్టి సారాయి కాచుటయు గలదు. కాని ఇంటిలో సారాయి కాచుట చట్టమునకు విరుద్ధము. అదియునుగాక, 1992 లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు మొదలిడిన యుద్యమము రాష్ట్రమంతట బ్రాకి, 1993 అక్టోబరు 1 నుండి సారాయి నిషేధింపబడుటకు గారణమయ్యె ననుట మన సోదరీమణు లెరిగినదే. కావున మేము పూవును విడిచి వేరును బట్టితిమి. అడవి పరిమళ మంతయు నిందును గలదు. మత్తు మాత్రము లేదు.

ఆత్మకూరు నల్లమలకు వాకిలి వంటిది. పూర్వము శ్రీశైల యాత్రికు లీ యూరి మీదుగా నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను దాటి కాలినడకను కొండ నెక్కెడివారు. కర్నూలు జిల్లాలో నుండిన యీ యూరు 2022 నుండి నంద్యాల జిల్లాలో జేరినది. సమీపమున బైర్లూటి మొదలగు చెంచుగూడెములు గలవు. తేనె, గడ్డలు మొదలగువానితో బాటు నన్నారి వేళ్లును ఈ యడవుల పంటయే. గిరిజనులు సేకరించు నట్టి సరకులను గొనుటకై 1956 లో గిరిజన సహకార సంస్థ యేర్పడినది.

నన్నారి సన్నని తీగ. ఆకులు రెండేసి యెదురెదురుగా నుండును. ముదురాకుపచ్చ రంగుపై నడుమ తెల్లని చార గానవచ్చును. త్రుంచిన పాలు గారును. వేరు పైన గోధుమరంగు, లోన తెల్లని దారువు. గోటితో గీచి వాసన చూచినచో నిక గుర్తింప వేరొక సాక్ష్యము వలదు. మారెడు కొమ్ములను వేరొక తీగయొక్క లావుపాటి వేళ్లకును ఇట్టి సువాసనయే యుండుటచే వానినిగూడ బజారులో నన్నారి యనియే యమ్ముదురు. ఆ తీగ అంతరించు ప్రమాదములో నున్నది గాన సన్నవేళ్లనే యడిగి తీసికొనుట మేలు.

ఇక చేయు విధానము. ఎండిన సన్నవేళ్లు 100 గ్రాములు తీసికొని, మన్ను పోవునట్లు రెండు మూడు నీళ్లలో రుద్ది కడిగి, నీడను ఆరబెట్టవలెను. పిదప రోట వైచి తేలికగా దంచిన పైబెరడు విడివడి లోని తెల్లని దారువు బయటపడును. దారువును పారవైచి బెరడు నుంచుకొనుడు. పరిమళ మంతయు నందే యున్నది. 900 మిల్లీలీటర్ల నీటిని మరగించి, పొయ్యినుండి దింపి, అందు బెరడును వైచి, మూత గట్టిగా బెట్టి రాత్రియంతయు నుంచవలెను. ఉదయమున పలుచని గుడ్డతో వడియగట్టిన సుమారు 750 మిల్లీలీటర్ల కషాయము వచ్చును. తక్కువైన కాచి చల్లార్చిన నీటితో సరిచేయుడు. దానికి ఒక కిలో 250 గ్రాముల చక్కెర చేర్చి, సన్నని సెగపై కరగించి, ఒక నిమ్మచెక్క రసము పిండి, వ్రేళ్ల నడుమ జిగురు తగులువరకు మాత్రమే కాచి దింపవలెను. తీగపాకము రానీయరాదు. కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రలు పనికిరావు, ఉక్కుగిన్నె మేలు. చల్లారిన పిదప, వేడినీట గాచి తడి లేకుండ నారబెట్టిన గాజుసీసాలలో బోసి బిరడా బిగింపవలెను.

వేళ్లను గంటలకొలది యేల మరగింపరాదని కొంద రడుగవచ్చును. నన్నారి సువాసన యావిరితో లేచిపోవు స్వభావము గలది. వంటయిల్లంతయు ఘుమఘుమలాడిన, ఆ ఘుమఘుమ సీసాలోనికి రాలేదనియే యర్థము. చక్కెర యింత యెక్కువ యేల యనినచో, అదియే పానకమును గాపాడునది. చక్కెర తగినంత యున్న చోట పులియజేయు సూక్ష్మజీవులకు గావలసిన నీరు చిక్కదు. చక్కెర తగ్గించినచో పానకము నురుగెత్తి పులిసి మద్యముగా మారజొచ్చును. నిమ్మరసము చక్కెర మరల పలుకులు గట్టకుండ జేయును.

త్రాగునప్పుడు 30 మిల్లీలీటర్ల పానకమును గ్లాసెడు కుండనీటిలో గలిపి, అరచెక్క నిమ్మరసము పిండి, నానిన సబ్జా గింజలు చెంచాడు వేయవలెను. సోడాతో గలుపుట రాయలసీమ యంగళ్ల వాడుక. అయితే ఆ 30 మిల్లీలీటర్లలో సుమారు 25 గ్రాముల చక్కెర యున్నదని మరువరాదు. మధుమేహము గలవా రీ పానకము జోలికి బోక, చక్కెర లేని చల్లని కషాయమునే నిమ్మరసముతో త్రాగవచ్చును. బిడ్డలకు విరేచనము లైనప్పుడు నన్నారి మందు గాదు; అప్పుడు ఉప్పును చక్కెరయు దగుపాళ్ల గలిపిన ఓ.ఆర్.ఎస్. నీరే యీయవలెను.

ఇక ముఖ్యమైన మాట. తీగను వేరుతో బెకలించిన నది చచ్చును. పూవు గోసిన మరుసటి యేడు మరల బూచును. వేరు తీసిన నట్లు గాదు. ఒక్కొక సీసా వెనుక నొక్కొక తీగ ప్రాణ మున్నదని గృహిణి తలపవలెను. బజారులో చవుకగా దొరకు కొన్ని సీసాలలో వేరే యుండదు. చక్కెర, రంగు, కృత్రిమ సువాసన మాత్రమే యుండును. చీటిపై వ్రాసిన పదార్థముల పట్టికను జదివినచో నిది తెలియును. అట్టివానిని గొనిన తీగ బ్రతుకునుగదా యని కొందరు వాదింతురు. కాని అడవివేరునకు వెల లేకపోయిన దానిని గాపాడువారును ఉండరు. వేరునకు న్యాయమైన వెల యిచ్చి, మితముగా వాడుటయే యుభయులకును క్షేమము.

నల్లమలలో జాలభాగము 1983 నుండి పులుల యభయారణ్యము; అందు మన మరిగి వేళ్లు త్రవ్వరాదు. పొలముగట్లను, కంచెలవెంటను దొరకినప్పుడైనను కాయలు పగిలి గింజలు రాలిన పిమ్మట, శీతకాలముననే త్రవ్వవలెను. పక్కవేళ్లను గొన్నింటిని మాత్రమే గోసికొని, తల్లివేరును గదలింపక మన్ను గప్పుడు. అంతకన్న మంచిపని, తొలకరికి ఒక వేరుముక్కనో తీగముక్కనో పెరటిలో గాని లోతైన కుండలో గాని నాటి, ప్రాకుటకు పుల్ల నిలుపుట. రెండేండ్లు నిండువరకు వేరు జోలికి బోవలదు. ఓర్పు గల యింటికి వేసవి తరువాత వేసవి తన పెరటి నన్నారియే దాహము దీర్చును.

సోదరీమణులారా! మీ యిండ్లలో నన్నారిని వేరు విధముగ జేయు వాడుక యున్నచో, కొలతలతో సహా మాకు వ్రాయుడు. పదిమందికి బనికివచ్చునది పది యిండ్లకు దెలియుటకే గదా యీ పుట!