ఫొటోలో మిగిలిన చెయ్యి

మొన్న సంక్రాంతికి ఊరెళ్లాను. మాది హరిశ్చంద్రపురం. పలాసలో ప్యాసింజర్ ఎక్కితే నౌపడ, కోటబొమ్మాళి దాటాక వచ్చే చిన్న స్టేషన్.

భోగికి ఇల్లు సర్దుతుంటే పాత ట్రంకుపెట్టెలో ఒక బ్లాక్ అండ్ వైట్ ఫొటో దొరికింది. కుర్చీల్లో తాతయ్య, నానమ్మ. వెనకాల పెదనాన్న, నాన్న. నాన్న పక్కన ఇంకెవరో ఉండాలి. లేరు. అక్కడ కత్తెరతో నీట్‌గా కోసేశారు. నాన్న భుజం మీద ఒక చెయ్యి మాత్రం మిగిలిపోయింది. గాజుల చెయ్యి.

ఆగలేకపోయాను. ఫోన్‌తో తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టేశా. "ఈ చెయ్యి ఎవరిది?" గుడ్ మార్నింగ్ పువ్వులకి కూడా ఇరవై నమస్కారాలు వచ్చే గ్రూప్ అది. అందరూ చూశారు, ఒక్కరూ మాట్లాడలేదు. పది నిమిషాల తర్వాత పెదనాన్న విడిగా మెసేజ్ పెట్టాడు: "అది తీసేయమ్మా."

వాకిట్లో బియ్యం చెరుగుతున్న నానమ్మనే అడిగా. "ఒలే గుంటా, సచ్చిపోనోళ్ల గొడవ ఇప్పుడెందుకే నీకు?" అంది. చేట మాత్రం ఆగలేదు.

రాత్రి డాబా మీద నాన్న చెప్పాడు. ఆ చెయ్యి వాళ్ల అప్పది. అంటే నాకు మేనత్త. చచ్చిపోలేదు. మా జీడితోటలో పనికొచ్చే ఇంటి అబ్బాయిని పెళ్లి చేసుకుంది. మావాళ్లు వాకిలి దాటి రానివ్వని కులం వాళ్లది. తాతయ్య బతికున్న కూతురికి తలస్నానం చేసి, ఇంట్లో ఆమె పేరెత్తడం మాన్పించేశాడు. అప్పటికి నాన్నకి పద్నాలుగేళ్లు.

"మరి ఫొటో ఎవరు కోశారు?"

చాలాసేపు మాట్లాడలేదు. "నేనే. తాతయ్య కత్తెర నా చేతికిచ్చాడు" అన్నాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఈ కాలమ్‌లో రాద్దామని నేను తీసుకెళ్లిన నవల బ్యాగులోనే ఉంది. జి. కల్యాణరావు గారి 'అంటరాని వసంతం'. 2000లో వచ్చింది. 2010లో ఇంగ్లిష్‌లోకి కూడా వెళ్లింది. అందులో రూతు అనే పెద్దావిడ తన భర్త రూబేను వైపు ముందుతరాల వాళ్లని ఒక్కొక్కరినీ గుర్తు చేసుకుంటూ ఉంటుంది. ఎన్నెలదిన్ని అనే ఊరు, పాటలు కట్టే ఎల్లన్న, అతని భార్య సుభద్ర. తర్వాతి తరంలో శివయ్య, శశిరేఖ. కరువొచ్చి ఊళ్లో తిండి లేక బకింగ్‌హాం కాలువ పనికి నడిచి వెళ్తే, అక్కడా కులమే అడ్డొస్తుంది. ఆకలికి కూడా కులం చూస్తారా అనిపిస్తుంది చదువుతుంటే.

సగం చదివాక ఒక విషయం తట్టింది. రూతు ఇంట్లో ఎవరినీ కత్తిరించలేదు. రాతలో చోటు దొరకని మనుషుల్ని నోటితో చెప్పుకుని, పాడుకుని బతికించుకున్నారు. మా ఇంట్లో ఆల్బమ్ ఉంది, ట్రంకుపెట్టె ఉంది, స్టూడియోకి వెళ్లి ఫొటో దిగే స్తోమత ఉంది. మనిషినే దాచుకోలేకపోయాం.

అలాగని అవతలి ఇళ్లలో రహస్యాలుండవని కాదు. గిడ్ల సుజాత గారు కాకినాడలో పెరిగి, వరంగల్ ఆర్ఈసీలో చదివి, అమెరికా వెళ్లి న్యూయార్క్ సబ్‌వే రైళ్లలో కండక్టర్‌గా పనిచేశారు. 2017లో 'యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్' అని తన కుటుంబం కథ రాశారు. శివసాగర్ పేరుతో కవిత్వం రాసిన కె.జి. సత్యమూర్తి ఆమెకి మేనమామ. తమ ఇంటి కథలు సిగ్గుపడాల్సినవి కావని అమెరికాలో స్నేహితులతో మాట్లాడాకే ఆమెకి అర్థమైందట. ఆలోచించండి. అవమానం చేసినవాళ్లు హాయిగా ఉన్నారు. పడ్డవాళ్లు సిగ్గుతో దాచుకున్నారు. మా ఇంట్లో కూడా సిగ్గు తప్పుడు చోటే ఉంది. అత్త పెళ్లి గురించి సిగ్గుపడ్డారు గానీ కత్తెర గురించి ఎవరూ పడలేదు.

"అవన్నీ పాతరోజులు కదా" అంటారా? నేనూ అలాగే అనుకున్నా. 2020లో 'పలాస 1978' సినిమా వచ్చినప్పుడు మన యాస విని మురిసిపోయాం. అందులో కులం గొడవ చూసి "అప్పట్లో ఎంత ఘోరం!" అనుకున్నాం. కానీ కనుమ రోజు పొద్దున్న తోటలో పనికొచ్చే ఆవిడకి మా అమ్మ టీ ఇచ్చింది, కాగితం కప్పులో. మేమంతా స్టీలు గ్లాసుల్లో తాగుతున్నాం. నానమ్మ కాలంలో ఆవిడ అత్తకి చూరులో విడిగా సత్తు గ్లాసు ఉండేదట. ఇప్పుడది డిస్పోజబుల్ అయ్యిందంతే. అంటరానితనాన్ని రద్దు చేసిన రాజ్యాంగం 1950లో అమల్లోకి వచ్చింది. మా వంటింటి దాకా ఇంకా రాలేదు. పాతికేళ్లుగా ఆ కప్పుని రోజూ చూస్తూ కూడా నేను చూడలేదు.

ఆరోజు రెండో విడత టీ నేనే పెట్టి, అందరికీ స్టీలు గ్లాసుల్లోనే పోశాను. అమ్మ ఏమీ అనలేదు. ఆవిడ మాత్రం గ్లాసు అందుకునే ముందు ఒక్కసారి అమ్మ ముఖం కేసి చూసింది. ఆ చూపు నాకింకా గుర్తొస్తోంది. ఒక గ్లాసుతో నేనేదో మార్చేశానని చెప్పుకోలేను.

మీ ఇళ్లలోనూ పేరెత్తని మనిషి ఒకరు ఉండొచ్చు. అడగండి. కానీ నాలా గ్రూప్‌లో పెట్టి కాదు, పక్కన కూర్చుని అడగండి. తెలిశాక స్టేటస్ పెట్టకండి. ఆ కథ ముందు ఆ మనిషిది. అందుకే అత్త పేరు గానీ, ఉంటున్న ఊరు గానీ ఇక్కడ రాయలేదు.

బయల్దేరే రోజు నానమ్మ నా బ్యాగులో అరిసెల డబ్బా పెడుతూ, ఎటో చూస్తూ అంది: "దానికి పిల్లలేటైనా ఉన్నారేటే?"

తెలీదన్నాను. నాన్నకీ తెలీదు. మా దూరపు బంధువు ఒకాయన దగ్గర నంబరు దొరికింది. నాన్న ఫోన్‌లో 'అప్ప' అని సేవ్ చేసుకున్నాడు. రోజూ తీసి చూస్తున్నాడట, అమ్మ చెప్పింది. ఇంకా కాల్ చెయ్యలేదు. ముందు ఏమనాలో తెలియడం లేదట.

సారీతో మొదలుపెట్టు నాన్నా.