బోటు పాతదే, యజమానే కొత్త

టెక్సాస్‌లో 1993 సెప్టెంబరు 1న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవారు 15 హార్స్‌పవర్, అంతకు మించిన ఇంజిన్ ఉన్న బోటును సొంతంగా నడపాలంటే శిక్షణ పొందినట్టు సర్టిఫికెట్ ఉండాలి. అంతకు ఒక్కరోజు ముందు పుట్టినవారికి ఏ కాగితమూ అక్కర్లేదు. డాలస్ శివారు ఫ్రిస్కోలో స్థిరపడ్డ నలభై అయిదేళ్ల గుంటూరు ఇంజినీరు జన్మలో బోటు స్టీరింగ్ పట్టకపోయినా, శనివారం పొద్దున 115 హార్స్‌పవర్ బోటు కొని మధ్యాహ్నానికల్లా లేక్ లూయిస్‌విల్‌లో దింపేయవచ్చు. అక్కడే పుట్టి, అక్కడే ఈత నేర్చి, స్నేహితుల బోట్లలో తిరిగిన అతని పదిహేడేళ్ల కొడుకు మాత్రం పరీక్ష పాసవ్వాలి.

వయసు పైబడితే నీళ్లూ బోట్లూ ఎలాగూ అలవాటై ఉంటాయన్నది ఈ చట్టం ధీమా. తాతల నాటి నుంచి చేపలు పట్టే కుటుంబాల విషయంలో అది కొంత నిజం కావచ్చు. పాతికేళ్లు దాటాక చదువుకో, ఉద్యోగానికో విమానం దిగి, నలభైలలో మొదటి బోటు కొనేవారికి ఆ లెక్క బొత్తిగా నప్పదు. చట్టం పుట్టిన సంవత్సరం అడుగుతోంది. అడగాల్సింది ఇది మొదటి బోటా కాదా అని.

ఈ మాట ఇప్పుడు ఎత్తడానికి కారణం ఉంది. కరోనా వేళ అమెరికన్లు నీళ్ల మీదికి పరుగెత్తారు. 2020లో అక్కడ 3,10,000కు పైగా కొత్త మోటారు బోట్లు అమ్ముడయ్యాయి. 2008 తర్వాత అన్ని అమ్ముడుపోవడం అదే మొదలు. అప్పుడు మోజుపడి కొన్నవాటిలో చాలా వాటికి ఇప్పుడు చేతులు మారే వయసొచ్చింది. డాలస్ శివార్లలోనైనా, అట్లాంటాకు ఉత్తరాన లేక్ లేనియర్ పక్కనున్న ఫోర్సిత్ కౌంటీలోనైనా తెలుగు కుటుంబాల కన్ను ముందుగా పడేది పాంటూన్ మీదే. రెండు మూడు అల్యూమినియం గొట్టాల మీద చదునైన చెక్క బల్ల, చుట్టూ కంచె, లోపల సోఫాలు, నెత్తిన గుడ్డ పందిరి. పిల్లలు, అమ్మమ్మలు, పులిహోర డబ్బాలు అన్నీ పడతాయి. మిన్నెసోటా రైతు ఆంబ్రోస్ వీరెస్ 1950ల మొదట్లో ఉక్కు పీపాలను వరసగా అతికించి, పైన చెక్క బల్ల వేసి తయారుచేసినప్పటి నుంచీ దీని గుణం ఒకటే: కుదుపు తక్కువ, చోటు ఎక్కువ.

నీళ్ల మీద ఇంత సాధువుగా కనిపించే బోటు రోడ్డెక్కగానే ఇంకో అవతారం ఎత్తుతుంది. అక్కడా అడిగేవారు లేరు. దాన్ని మోసే ట్రెయిలర్‌ను కారు వెనక లాగడానికి మామూలు కారు లైసెన్సే చాలు. ఈ పరిమాణం ట్రెయిలర్‌కు టెక్సాస్‌లో ఏటా తనిఖీ లేదు; వ్యక్తిగత కార్లకే 2025 జనవరి 1 నుంచి భద్రతా తనిఖీ ఎత్తేశారు. నడిపేవాడికి పరీక్ష లేక, లాగేవాడికి పరీక్ష లేక, ట్రెయిలర్‌కు పరీక్ష లేక, ఆ మూడు పరీక్షలూ కొనేవాడి నెత్తినే పడతాయి. ప్రకటనలో సోఫాల రంగు, మ్యూజిక్ సిస్టమ్ చూసి ముచ్చటపడేవారు వాటిలో ఒక్కటీ రాయరు.

మొదట బరువు సంగతి. అమ్మకం ప్రకటనలో కనిపించేది తరచూ ఖాళీ బోటు బరువు. 22 అడుగుల రెండు గొట్టాల పాంటూన్ 2,200 పౌండ్లు అనుకుందాం. 115 హార్స్‌పవర్ ఇంజిన్ మరో 370. ట్రెయిలర్ 1,100. పాతిక గ్యాలన్ల పెట్రోలు 150. బ్యాటరీ, లంగరు, లైఫ్ జాకెట్లు, కవరు, తాళ్లు కలిపి 180. మొత్తం 4,000 పౌండ్లు, అంటే 1,800 కిలోల పైమాటే. తెలుగువారి ఇళ్ల ముందు విరివిగా కనిపించే టొయోటా సియెన్నా, టెస్లా మోడల్ వై రెండింటి లాగుడు పరిమితీ 3,500 పౌండ్లే. హోండా సీఆర్-వీ అయితే 1,500కు మించదు. పెట్రోలు హైలాండర్‌కు తగిన సామగ్రి ఉంటే 5,000 వరకూ ఓపిక ఉంది. హైబ్రిడ్ హైలాండర్‌కు మళ్లీ 3,500. ఒకే పేరున్న కారులో ఇంత తేడా ఉంటుంది కనుక పక్కింటివారి మాట కాక, మాన్యువల్ చూసుకోవాలి.

పరిమితి కొంచెం దాటితే కారు కదలదని కాదు. కదులుతుంది, చక్కగానే కదులుతుంది. చిక్కంతా ఆపడంలో ఉంది. దానికి తోడు ట్రెయిలర్ మొత్తం బరువులో సుమారు పదో వంతు కారు వెనకుండే హిచ్ బంతి మీద పడాలి. అది మరీ తగ్గితే హైవే మీద ట్రెయిలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. మరీ పెరిగితే కారు వెనక కుంగి, ముందు చక్రాలకు పట్టు సడలుతుంది. ఆ నాలుగు వందల పౌండ్లూ కారు మోసే బరువులోనే కలుస్తాయి కాబట్టి, ఆరుగురు మనుషులు, కూలర్ ఎక్కాక ఏమి మిగులుతుందో డ్రైవర్ తలుపు పక్కనున్న స్టిక్కర్ చెబుతుంది.

ఇక ట్రెయిలర్. బోటు కన్నా ముందు చూడాల్సింది ఇదే. పాంటూన్లకు రెండు రకాల ట్రెయిలర్లు వస్తాయి. గొట్టాల కింద పొడవాటి దుంగలు అమర్చి, చక్రాలు దూరంగా ఉండేది ఒకటి. బోటు నడుము కింద దూరి పైకెత్తే ఇరుకైన కత్తెర రకం ఇంకొకటి. రెండోది ఇంటి నుంచి దగ్గర్లోని ఒడ్డుకు చేర్చడానికి పనికొస్తుంది గానీ, పక్క గాలి కొట్టే హైవే మీద గంటల ప్రయాణానికి కాదు. కొన్ని పాత బోట్లు ఈ కత్తెర ట్రెయిలర్‌తోనే అమ్మకానికి వస్తాయి. ధర చవగ్గా ఉందని సంబరపడేవారు ఈ సంగతి గమనించరు.

చక్రం కథ ఇంకా ఆసక్తికరం. హైవే మీద పరుగెత్తాక చక్రం నడిమి హబ్ వేడెక్కుతుంది. బోటును నీళ్లలో దించే ర్యాంప్ మీద అదే హబ్ చల్లటి నీళ్లలో మునుగుతుంది. లోపలి గాలి ఒక్కసారిగా ముడుచుకుని, సీలు అరిగి ఉంటే నీళ్లను లోపలికి గుంజుకుంటుంది. గ్రీజు తెల్లబారుతుంది, బేరింగ్ తుప్పు పడుతుంది. ఆ తుప్పు ర్యాంప్ దగ్గర కనిపించదు. కొన్ని వారాల తర్వాత ఐ-35 మీద, ట్రక్కుల నడుమ బయటపడుతుంది. అందుకే కొనేముందు ఒక్కో చక్రాన్ని జాకీతో లేపి చేత్తో తిప్పాలి. గరగర వినిపించినా, పైనా కిందా పట్టుకుని కదిపితే ఊగినా బేరింగులు మార్చాల్సిందే. ఇంటికి తెచ్చేటప్పుడు పది పదిహేను మైళ్లకే ఆగి హబ్ దగ్గర చెయ్యి పెట్టి చూడాలి. వెచ్చగా ఉంటే పరవాలేదు, చెయ్యి పెట్టలేనంత కాలితే ముందుకు కదలకూడదు.

టైర్లకు గాట్లు నిండుగా ఉన్నాయని మురవకూడదు. బోటు ట్రెయిలర్ ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండలో నిలబడే ఉంటుంది కనుక టైరు అరగదు, ఎండి పగులుతుంది. టైరు పక్కన డాట్ కోడ్‌లో చివరి నాలుగు అంకెలు అది తయారైన వారం, సంవత్సరం. 2317 అని ఉంటే 2017లో 23వ వారం. అలాంటి టైరు చూడ్డానికి ఎంత కొత్తగా ఉన్నా దాని కాలం చెల్లినట్టే.

బోటు దగ్గరికొస్తే, చెప్పులు విప్పి నడిచి చూడటం మంచి పరీక్ష. గేట్ల పక్కన, ఇంజిన్ ముందు కార్పెట్ కింద చెక్క మెత్తగా దిగితే నీరు పట్టి కుళ్లిందన్న మాట. చెక్క పలకల ధర పెద్దది కాదు. కానీ వాటిని మార్చాలంటే సోఫాలు, కంచె, స్టీరింగ్ బల్ల అన్నీ ఊడదీయాలి. ఖర్చంతా ఆ కూలీలోనే. గొట్టాల ముక్కు దగ్గర సొట్టలు, వెల్డింగ్ పగుళ్లు చూడాలి. నీళ్లలో దింపి అరగంట తిప్పాక ఒక పక్క కుంగితే ఆ గొట్టంలోకి నీరు చేరుతోంది. ఇంజిన్ కింది భాగంలోని గేర్ ఆయిల్ కొంచెం వదిలి చూస్తే, తెల్లగా మడ్డిలా వచ్చిందంటే సీళ్లు పోయాయి. కొనేవాడు వచ్చేసరికే ఇంజిన్ వేడిగా ఉందంటే, చల్లటి ఇంజిన్ స్టార్టు కావడానికి ఎంతసేపు మొరాయిస్తుందో దాచుతున్నారేమో ఆలోచించాలి. నీళ్లలో నడిపి చూపించను అనే అమ్మకందారు దగ్గర బేరం చేయడమే దండగ.

కాగితాల్లోనూ మెలికలున్నాయి. టెక్సాస్‌లో బోటుకొక టైటిల్ (యాజమాన్య పత్రం), ఔట్‌బోర్డ్ ఇంజిన్‌కు ఇంకొక టైటిల్. రెండూ రాష్ట్ర పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ ఇస్తుంది. బోటుకూ ఇంజిన్‌కూ 6.25 శాతం పన్ను. ట్రెయిలర్ రిజిస్ట్రేషన్ మాత్రం కౌంటీ ట్యాక్స్ ఆఫీసులో. బోటు వెనక కుడివైపు చెక్కిన 12 అక్షరాల గుర్తింపు సంఖ్య, ఇంజిన్ మీది సీరియల్ నంబరు టైటిళ్లతో సరిపోకపోతే డబ్బు చేతులు మారకూడదు. ఇంటి ముందు బోటు నిలపడానికి కాలనీ సంఘం ఒప్పుకుంటుందో లేదో కూడా ముందే కనుక్కోవాలి. చాలా కాలనీలు ఒప్పుకోవు. అప్పుడు నెలనెలా స్టోరేజీ అద్దె తప్పదు.

ర్యాంప్ దగ్గర మరో పరీక్ష. వెనక్కి పోనిచ్చేటప్పుడు ట్రెయిలర్ స్టీరింగ్ తిప్పిన దిశకు ఎదురు తిరుగుతుంది. స్టీరింగ్ కింది అంచున చెయ్యి పెట్టుకుంటే, చెయ్యి ఎటు జరిపితే ట్రెయిలర్ అటే పోతుంది. ఈ కిటుకు మే చివర్లో వచ్చే మెమోరియల్ డే నాడు, వెనక ఇరవై బండ్లు హారన్లు కొడుతుండగా నేర్చుకునేది కాదు. సెలవురోజున ఖాళీ స్కూలు పార్కింగ్‌లో నేర్చుకునేది. తిరుగు ప్రయాణంలో బోటులోని నీరంతా వదిలేయాలన్నది 2014 నుంచి టెక్సాస్ అంతటా చట్టం. 2009లో లేక్ టెక్సోమాలో బయటపడ్డ జీబ్రా మసెల్స్ అనే చిన్న గుల్లలు, బోట్లలో మిగిలిన నీళ్ల ద్వారా ఒక జలాశయం నుంచి ఇంకో జలాశయానికి ప్రయాణం కడతాయి. తెలియక వదలకపోయినా జరిమానా జరిమానాయే.

పాంటూన్ నిలకడైన బోటు, దానికి ఇంత హడావుడి దేనికి అని కొందరంటారు. నిలకడైనదే. ఆ నిలకడే ధైర్యమిచ్చి అజాగ్రత్త నేర్పుతుంది. ఫొటో కోసం పది మందీ ముందు కొసకు చేరితే ముక్కు కుంగి, ఎదురొచ్చిన అల నేరుగా లోపలికి వస్తుంది. ముందు గేటు దాటి అంచున కాళ్లు వేలాడేసి కూర్చున్న పిల్లవాడు చిన్న కుదుపుకు జారినా, పడేది బోటు ముందు. బోటు అతని మీదుగా వెళుతుంది, చివర్లో ప్రొపెల్లర్ ఉంటుంది. నడిపేవాడు పడిపోతే ఇంజిన్‌ను ఆపే తాడు కట్టుకోవాలని 26 అడుగుల లోపు బోట్లకు 2021 ఏప్రిల్ నుంచి కేంద్ర చట్టమే ఉంది. ఆ తాడు ఎక్కువగా కనిపించేది కప్పు పెట్టుకునే గుంటలో.

కోస్ట్ గార్డ్ లెక్కల ప్రకారం 2023లో అమెరికాలో బోటు ప్రమాదాల్లో 564 మంది చనిపోయారు. మునిగి చనిపోయినవారిలో వివరాలు తెలిసినంత మేరకు 87 శాతం మంది లైఫ్ జాకెట్ వేసుకోలేదు. నడిపేవారి శిక్షణ వివరాలు తెలిసిన ప్రమాదాల్లో, మరణాలు నాలుగింట మూడొంతులు శిక్షణ లేనివారు నడిపిన బోట్లలోనే జరిగాయి. వాళ్లలో ఎందరు పాంటూన్ల మీదున్నారన్నది ఇక్కడ పెద్ద ప్రశ్న కాదు. జాకెట్, శిక్షణ రెండూ ఏ రకం బోటుకైనా ఒకటే.

2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ట బోటు గోదావరిలో మునిగినప్పుడు తెలుగునాట ప్రతివారూ అడిగిన ప్రశ్నలు గుర్తుండే ఉంటాయి. అనుమతి ఎవరిచ్చారు, సరంగుకు అర్హత ఉందా, జాకెట్లు ఎందుకు వేయించలేదు అని. టికెట్ కొన్న ప్రయాణికులుగా ఆ ప్రశ్నలు న్యాయమైనవి. డాలస్‌లో బోటు కొన్న నాడు యజమాని తనే, సరంగు తనే, అనుమతిచ్చే అధికారి కూడా ఒక రకంగా తనే. అవే ప్రశ్నలు ఈసారి అతనే వేసుకుని, అతనే జవాబు చెప్పుకోవాలి.

ఆ జవాబు చెప్పించే పని కొన్ని రాష్ట్రాలు మొదలుపెట్టాయి. శిక్షణను తప్పనిసరి చేసే న్యూయార్క్‌ బ్రియానా చట్టం, కాలిఫోర్నియాలో బోటర్ కార్డు నిబంధన ఏటికేడు వయసు పరిధి పెంచుకుంటూ వచ్చి, 2025 జనవరి 1 నాటికి మోటారు బోటు నడిపే ప్రతి ఒక్కరికీ వర్తించాయి. జార్జియాలో ఇప్పటికీ 1998 జనవరి 1కి ముందు పుట్టినవారికి మినహాయింపే. వయసుతో గీసిన ఈ గీతను చెరిపి, మొదటిసారి బోటు టైటిల్‌కో రిజిస్ట్రేషన్‌కో దరఖాస్తు చేసేవారందరికీ శిక్షణ తప్పనిసరి చేస్తే అనుభవజ్ఞులకు ఇబ్బంది ఉండదు, అవసరమున్నవారు తప్పించుకోలేరు. స్వేచ్ఛకు భంగమని టెక్సాస్‌లో కొందరు మూతి ముడవవచ్చు. కానీ కారుకు లైసెన్సు అడిగే రాష్ట్రం, అంతకు రెట్టింపు మందిని ఎక్కించుకునే బోటుకు కొన్ని గంటల ఆన్‌లైన్ కోర్సు అడగడం పెద్ద బరువేమీ కాదు.

చట్టం మారేదాకా ఆగనక్కర్లేదు. అదే కోర్సు ఏ వయసువారైనా స్వచ్ఛందంగా చేయవచ్చు. సర్టిఫికెట్ చూపిస్తే ప్రీమియం తగ్గించే బీమా కంపెనీలూ ఉన్నాయి. కోస్ట్ గార్డ్ ఆగ్జిలరీ వలంటీర్లు అడిగితే వచ్చి బోటును ఉచితంగా తనిఖీ చేస్తారు, లోపాలు కనిపించినా జరిమానా వేయరు. పన్నుల మీద, వీసాల మీద ఏటా సదస్సులు పెట్టే అక్కడి తెలుగు సంఘాలు, ఉగాది వేడుకలు ముగిశాక, మెమోరియల్ డే సెలవులు రాకముందే ఒక శనివారం ఈ వలంటీర్లను పిలిపించి, ఒక పాత పాంటూన్‌ను ట్రెయిలర్‌తో సహా సభ్యుల ముందు నిలబెట్టి చూపించవచ్చు. కొనాలనుకునేవారు అక్కడే చక్రం తిప్పి చూస్తారు, చేత్తో గ్రీజు ముట్టుకుంటారు, పార్కింగ్‌లో ఒకసారి వెనక్కి పోనిచ్చి చూస్తారు.