బెర్నదెత్‌కి కాస్ట్యూమ్ అద్దె ఎవరు కడతారు?

కాన్వెంటులో పిల్లలున్న అమ్మలందరికీ ఈపాటికి సర్క్యులర్ వచ్చే ఉంటుంది. చిల్డ్రన్స్ డే అయిపోయింది. ఇక డిసెంబరులో స్కూల్ డే, దాని వెనకే సెమీ క్రిస్మస్, సంక్రాంతి సెలవులకి ముందు ముగ్గులు, గాలిపటాలు, జనవరి 26న మార్చ్ పాస్ట్, ఫిబ్రవరి 11న లూర్దు మాత పండగ. చదువుతుంటే బడి కాదు, పెళ్ళివారిల్లు అనిపిస్తుంది. పిల్లలకి ఇలాంటివి ఉండాలి, కాదనను. నా పేచీ సర్క్యులర్ చివరి రెండు లైన్లతో.

మా మూడో తరగతి పిల్ల తెచ్చిన కాగితంలో స్కూల్ డే డాన్సుకి కాస్ట్యూమ్ అద్దె 850 రూపాయలు, మేకప్‌కి 150, శుక్రవారంలోగా కట్టాలి అని ఉంది. దాని కింద ఇంకో లైను. ఇష్టం లేనివారు ముందుగా తెలియజేయవలెనట. ఇష్టం లేనివారు! డబ్బు లేనివారు అనడానికి ఇంగ్లీషులో మాట దొరకలేదు కాబోలు.

మా సందు మొదట్లో తోపుడు బండి మీద ఇస్త్రీ చేసే ఆమె కొడుకు అదే బడిలో రెండో తరగతి. ఆమె జతకి 20 రూపాయలు తీసుకుంటుంది. వెయ్యి రూపాయలంటే 50 జతలు, బొగ్గుల ఖర్చు ఆమెదే. ఫీజుకే చీటీ పాడిన మనిషి కాస్ట్యూముకి ఎక్కణ్ణుంచి తెస్తుంది? వాడికి పదిరోజులు స్టెప్పులు నేర్పించి, డబ్బు రాలేదని లైన్లోంచి తీసేశారు. రిహార్సల్ టైములో ఇప్పుడు వాడు, వాడిలాంటి మరో ఆరేడుగురు క్లాసులో కూచుని చేతిరాత రాస్తున్నారట. వాడేమో ఆ పాట మరిచిపోలేక సాయంత్రాలు బండి పక్కన చేస్తూనే ఉన్నాడు. వాళ్ళమ్మ నాతో ఒకే మాటంది, "ముందే చెబితే నేర్పించద్దని చెప్పేదాన్ని కదమ్మా."

పోనీ ఆ వెయ్యి రూపాయలతో ఏమొస్తుందో మీకు తెలియదా? నిరుడు ఎవరో వేసుకున్న జరీ లంగా, ముందేడు మరెవరో వేసుకున్నది. నడుం దగ్గర నాలుగు పిన్నీసులు, వీపంతా దురద. మూడింటికే మేకప్ వేసి కూచోబెడతారు, ఐటమ్ వచ్చేసరికి రాత్రి ఎనిమిదవుతుంది. ఈలోగా లిప్‌స్టిక్ చెదిరిపోతుందని మంచినీళ్ళు తాగనివ్వరు, డ్రెస్సు విప్పడం కష్టమని బాత్రూముకి పంపరు. నాలుగు నిమిషాల పాట. అందులో రెండు నిమిషాలు పొగ మిషను. ముందు వరసలో సోఫాలు ముఖ్య అతిథులకీ, వాళ్ళ వెంట వచ్చినవాళ్ళకీ, వాళ్ళ డ్రైవర్లకీ. పిల్లని కన్న మనం వెనక ప్లాస్టిక్ కుర్చీలెక్కి, ముందువాళ్ళ ఫోన్ల సందుల్లోంచి మన ఫోన్లెత్తి, ఏ చెమ్కీ మన చెమ్కీయో వెతుక్కోవడం. మర్నాడు అద్దె బట్టలు ఉతికి, ఎండలో ఆరేసి తిరిగి ఇవ్వాల్సింది మళ్ళీ మనమే. సర్క్యులర్‌లో పేరెంట్స్ అని ఉంటుంది గానీ, ఏ నాన్నగారైనా పిన్నీసులు పెట్టడం మీరు చూశారా?

ఇంత గోల ఎవరి కోసం? నన్నడిగితే పిల్లల కోసం కాదు. వచ్చే జూన్ అడ్మిషన్ల ఫ్లెక్సీ కోసం.

రెండో సంగతి తెలుగు. బి.ఏ. తెలుగు చదివిన దాన్ని కాబట్టి నాకిది కాస్త ఎక్కువ నొప్పి, ఒప్పుకుంటాను. అయినా వినండి. ప్రతి క్లాసులో లీడరు చేతిలో ఒక చిన్న నోట్‌బుక్ ఉంటుంది. తెలుగులో మాట్లాడినవాళ్ళ పేర్లు అందులో ఎక్కుతాయి. పేరుకి 5 రూపాయల ఫైను. ఇంటర్వెల్‌లో కిందపడి మోకాలు చీరుకుపోయిన పిల్ల "అమ్మా" అని ఏడిస్తే అది తెలుగా, ఇంగ్లీషా అని ఒక అమ్మ మీటింగులో అడిగింది. అందరూ నవ్వారు, జవాబు మాత్రం రాలేదు. 2009లో కడప జిల్లా మైదుకూరులో ఒక బడిలో పిల్లల మెడలో తెలుగు మాట్లాడనని పలకలు రాసి వేలాడదీస్తే రాష్ట్రమంతా గగ్గోలైంది, గుర్తుందా? ఆ గగ్గోలు పలక మీదే. నోట్‌బుక్ అయితే కెమెరాకి చిక్కదు, అంతే తేడా.

ఇప్పుడు అసలు మాటకొస్తాను. మా బడి ఆవరణలో గేటు పక్కన రాళ్ళతో కట్టిన చిన్న గుహ ఉంది. అందులో తెల్లబట్టల్లో, నీలం నడికట్టుతో మరియమాత, కింద మోకరించి ఒక పిల్ల. ఇలాంటి గుహలు మన కాథలిక్ బడుల్లో చాలాచోట్ల చూస్తాం. విజయవాడ గుణదల కొండ మీద ఉన్నదీ ఆ మాతే. ఆ మోకరించిన పిల్ల ఎవరో మన పిల్లల్ని అడగండి, ఎంతమంది చెబుతారో.

ఆ పిల్ల పేరు బెర్నదెత్. ఫ్రాన్సులో లూర్దు అనే చిన్న ఊరు. తండ్రి తిరగలి మిల్లు నడిపి చితికిపోయినవాడు. అద్దె కట్టలేక, ఒకప్పుడు జైలుగా వాడి వదిలేసిన ఒకే గదిలో సంసారమంతా సర్దుకున్నారు. పిల్లకి ఉబ్బసం. పద్నాలుగేళ్ళొచ్చినా చదవడం, రాయడం రాదు. 1858 ఫిబ్రవరి 11న చెల్లెలితో, మరో పిల్లతో పుల్లలేరుకోవడానికి వెళ్ళినప్పుడు గుహలో ఒక అమ్మ కనబడిందని కాథలిక్కుల నమ్మకం. నేను ఆ మతం దాన్ని కాను, నమ్మడం నమ్మకపోవడం ఇక్కడ ప్రశ్నే కాదు. ఆ కథలో రెండు సంగతులు మాత్రం నా మనసులో నాటుకుపోయాయి.

ఒకటి, ఆ అమ్మ మాట్లాడింది పెద్దమనుషుల ఫ్రెంచిలో కాదు. బెర్నదెత్‌కి వచ్చింది ఆ ప్రాంతపు యాస భాష ఒక్కటే, మార్చి 25న అమ్మ తన పేరు చెప్పింది ఆ భాషలోనే. పిల్ల ఆ మాటలు మరిచిపోకుండా దారి పొడుగునా వల్లించుకుంటూ వెళ్ళి ఫాదరుగారికి అప్పజెప్పింది. రెండోది ఇంకా నచ్చింది నాకు. రెండు వారాలపాటు ఇక్కడికి రాగలరా అని ఆ అమ్మ ఆ పుల్లలేరుకునే పిల్లని మర్యాదగా 'మీరు' అని అడిగిందట. తనని అలా మన్నించి పిలిచిన సంగతి బెర్నదెత్ తరవాత కూడా ప్రత్యేకంగా చెప్పుకునేది.

మన బడి గేటు దగ్గర నిలబడి చూడండి. కారు దిగిన తల్లి మేడమ్. ఇస్త్రీ ఆమె 'ఏమ్మా, నువ్వు ఎవరి తాలూకు?' గుహకి పది అడుగుల దూరంలో! ఆ రాతిపిల్లకి ప్రాణం వచ్చి నేరుగా రెండో తరగతిలో కూచుందనుకోండి. నోట్‌బుక్‌లో రోజూ పేరెక్కుతుంది. డాన్సులోంచి తీసేస్తారు. ఫిబ్రవరి 11న లూర్దు మాత పండగకే ఆమెని చేతిరాతకి కూచోబెడతారు.

కోపం రావచ్చు సిస్టర్లకి. నిజం చెప్పాలంటే నా పిల్లని అక్కడ వేసింది వాళ్ళని చూసే. కార్పొరేట్ బడులు అడిగే ఫీజులో వీళ్ళది సగం కూడా లేదు. బాత్రూములు శుభ్రం. ఆడపిల్లని పంపితే గుండె మీద చెయ్యేసుకుని ఉండొచ్చు. ఎవరూ రాని కాలంలో మన ఊళ్ళకొచ్చి పనిచేసిన సన్యాసినుల సంప్రదాయం వాళ్ళది. మేరీ గ్లౌరీ అనే ఆస్ట్రేలియా డాక్టరమ్మ ఉన్న ప్రాక్టీసు వదులుకుని 1920లో గుంటూరు వచ్చింది, కడుపుతో ఉన్న మన ఆడవాళ్ళకి, పసిపిల్లలకి వైద్యం చెయ్యడానికి. ఆవిడ రోగుల్ని సెలెక్ట్ అయినవాళ్ళు, ఇష్టం లేనివాళ్ళు అని విడదీసి ఉంటుందా? తెలుగంటే వాళ్ళ మతానికి పరాయిదీ కాదు. మంగళగిరి ఆనందకవి క్రీస్తు కథని 'వేదాంత రసాయనం' అని పద్యకావ్యంగా రాశాడు. రెండో వాటికన్ మహాసభ 1963లో ప్రజల భాషలకి తలుపు తీశాక పూజలో లాటిన్ పోయి తెలుగొచ్చింది. దేవుడితో తెలుగులో మాట్లాడితే లేని ఫైను పక్క బెంచీ పిల్లతో మాట్లాడితే ఎందుకు?

ఇంగ్లీషు కోసమే కదా కాన్వెంటులో వేసింది అంటారు మనలోనే కొందరు. వేశాం. ఇంగ్లీషు నేర్పించమనండి, క్లాసులో గట్టిగా మాట్లాడించమనండి. ఇంట్లో భాష తప్పు అని నేర్పితే ఇంగ్లీషు రాదు, అమ్మమ్మ గేటు దగ్గరికి వస్తే సిగ్గుపడటం వస్తుంది. ఇంకొందరేమో మన పిల్ల డాన్సులో ఉందిగా, మనకెందుకు అంటారు. గ్రూపులో సర్క్యులర్ పెట్టగానే దండాల బొమ్మలు, సూపర్ సిస్టర్ అని మెసేజీలు. పిల్లని పక్కన పెడతారేమో అనే భయం అది, నాకు తెలుసు. ఆ భయం మీదే ఈ వ్యవహారమంతా నడుస్తోంది. మనం పదిమందిమి కలిసి అడిగితే పదిమంది పిల్లల్ని పక్కన పెట్టి ప్రోగ్రామ్ ఎలా చేస్తారు?

అడగాల్సింది పెద్ద కోరికలేం కాదు. స్కూల్ డేకి అద్దె బట్టలు మానెయ్యండి, యూనిఫారమో, ఇంట్లో ఉన్న పండగ బట్టలో చాలు. క్లాసుకి ఒకటే ఐటమ్, అందులో క్లాసంతా ఉండాలి. యాభైమందీ స్టేజి మీద పట్టకపోతే గ్రౌండులో చేయించండి, మనకీ కనబడతారు. సర్క్యులర్ వెనక్కి తిప్పితే తెలుగులో ఉండాలి, చదువురాని తల్లికి కనీసం పక్కింటివాళ్ళు చదివి పెట్టగలిగేలా. ఆ నోట్‌బుక్ చించెయ్యాలి. ఫిబ్రవరి 11న బెర్నదెత్ కథ నాటకంగా వేయించండి, తెలుగులో. మాటలు నేను రాసిపెడతాను, పైసా అక్కర్లేదు. బెర్నదెత్ వేషానికి పాత గౌను, నెత్తిన గుడ్డ, ఒక పుల్లల మోపు చాలు.

పేరెంట్స్ మీటింగు ఈ శనివారం పదింటికి. కాగితం తెలుగులోనే రాశాను. ఇప్పటికి ఆరుగురం సంతకాలు పెట్టాం. మొదటి సంతకం ఇస్త్రీ ఆమెది.