దిష్టి కాదు, అమ్మోనియా

అక్వేరియంలో చేప చచ్చిపోతే మనవాళ్లు ఒక మాట అంటారు: ‘‘ఇంటికి రావాల్సిన కీడు తన మీద వేసుకుని పోయింది.’’ వినడానికి బాగానే ఉంటుంది. చేపకు గౌరవం, మనకు ఊరట. చిక్కేమిటంటే, ఆ మాటతో విచారణ అక్కడికి ముగిసిపోతుంది. ఆదివారం వెళ్లి ఇంకో జత తెచ్చుకుంటాం. మూడు వారాలు తిరక్కుండా అవీ ఇంకో కీడు మోసుకుని వెళ్లిపోతాయి. ఒకే ఇంటికి ఇన్ని కీడులు రాసిపెట్టి ఉంటాయంటారా?

కొత్త ట్యాంకులో మొదటి నెల తిరక్కుండా చేపలు పోతుంటే ముందు అనుమానించాల్సింది నీళ్లనే. అవి అద్దంలా తళతళలాడుతున్నా సరే.

చేప ఒంట్లోని వ్యర్థం చాలావరకు మొప్పల గుండా అమ్మోనియాగా బయటికొస్తుంది. తినకుండా వదిలేసిన మేత కుళ్లినా పుట్టేది అదే. చెరువులో అయితే బోలెడు నీళ్లు, బురద, నాచు ఉంటాయి కాబట్టి సర్దుకుపోతుంది. గాజు పెట్టెలో ఆ వెసులుబాటు లేదు. చేప తన బాత్రూమ్‌లోనే ఊపిరి పీల్చుకోవాలి.

ఇంజినీరింగ్ చదివిన పాపానికి నాకు లెక్క వేస్తేగానీ నమ్మకం కుదరదు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న ట్యాంకు నిండా పోస్తే 56 లీటర్లు పడతాయి. రాళ్లూ, పైన ఖాళీ పోను 50 అనుకుందాం. మేతలో 40 శాతం ప్రొటీన్ ఉంటే, ఒక్క గ్రాములో 64 మిల్లీగ్రాముల నైట్రోజన్ ఉన్నట్టు. అందులో సగమే అమ్మోనియాగా నీళ్లలో కలిసిందనుకున్నా లీటరుకు 0.6 మిల్లీగ్రాములు దాటుతుంది. ఒక్క గ్రాము మేతకే! రోజూ చిటికెడు వేసుకుంటూ పోతే వారానికి ఎంతవుతుందో మీరే ఊహించుకోండి. దానికి రంగు లేదు. ఆ మోతాదులో మన ముక్కుకు వాసనా తగలదు.

ఆర్‌ఓ ఫిల్టర్ల పుణ్యమా అని చాలా ఇళ్లలో ఇప్పుడు టీడీఎస్ పెన్ను ఉంటోంది. దాన్ని ట్యాంకులో ముంచి ‘‘నంబర్ బాగానే ఉంది కదా’’ అంటారు కొందరు. అది నీళ్లలో కరిగినవి మొత్తం ఎన్నో ఒక అంచనా చెబుతుంది, అంతే. అందులో ఏది ఉప్పో ఏది విషమో దానికి తెలీదు.

ఇంకో మెలిక ఉంది. పీహెచ్ 7 దగ్గర అమ్మోనియాలో దాదాపు అంతా పెద్దగా హాని చేయని అమ్మోనియం రూపంలో ఉంటుంది. అదే పీహెచ్ 8కి చేరితే విషంగా పనిచేసే భాగం సుమారు పది రెట్లవుతుంది. నీళ్లు వేడెక్కినా అది పెరుగుతుంది. గీజర్‌లో తెల్లగా పెచ్చు కట్టే బోరు నీళ్ల పీహెచ్ సాధారణంగా 7కి పైనే. దానికి మన ఎండాకాలం తోడైతే చెప్పేదేముంది.

మరి కొందరి ఇళ్లలో చేపలు ఏళ్ల తరబడి ఎలా బతుకుతున్నాయి? బ్యాక్టీరియా దయవల్ల. ఒక రకం అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. ఇదీ విషమే, రక్తం ఆక్సిజన్ మోయకుండా చేస్తుంది. ఇంకో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్‌ను చేప చాలావరకు ఓర్చుకుంటుంది. మంచినీటి అక్వేరియంలో ఈ రెండో డ్యూటీ చేసేది నైట్రోస్పైరా అని 1998లో తేలింది. అప్పటిదాకా ఆ క్రెడిట్ నైట్రోబాక్టర్ కొట్టేసింది. టీమ్‌లో ఒకడు పనిచేస్తే ఇంకొకడికి పేరొచ్చినట్టు, మాకు ఆఫీసులో అలవాటే.

ఇవి ఫిల్టర్ స్పాంజిలో, రాళ్ల మీద కాపురం పెడతాయి. కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మనమేమో మొదటి రోజే పది చేపలు వేస్తాం.

మా పిన్ని వాళ్లింట్లో ప్రతి ఆదివారం అక్వేరియం స్నానం జరిగేది. చేపల్ని మగ్గులోకి తీసి, రాళ్లు కడిగి, స్పాంజిని కుళాయి కింద పిండి, మొత్తం కొత్త నీళ్లు పోసేవాళ్లు. ట్యాంకు మెరిసిపోయేది. కుళాయి నీళ్లలోని క్లోరిన్‌తో బ్యాక్టీరియా కాపురం కూలిపోయేది. అంటే ప్రతి సోమవారం మళ్లీ మొదటి రోజే. మూడో గోల్డ్‌ఫిష్ పోయినప్పుడు పిన్ని ఎప్పటిలాగే ‘‘దిష్టి పోయిందిలేరా’’ అంది. ఎనిమిదేళ్ల తమ్ముడు మాత్రం నా పక్కకొచ్చి మెల్లగా అడిగాడు: ‘‘అన్నయ్యా, నేను మేత సరిగ్గా వేయలేదా?’’

కీడు కథతో పెద్దవాళ్లు సర్దుకుపోతారు. పిల్లలు తప్పును తమ మీద వేసుకుంటారు. అందుకే వాడికి చుక్కలు వేసి రంగు చూసే టెస్ట్ కిట్ కొనిచ్చాను. రోజూ క్యాలెండర్ మీద అంకె రాయడం వాడి పని. 1, 0.5, 0.25... ఐదో వారానికి సున్నా. ఆ రోజు వాడు చేసిన హడావిడి చూడాలి!

చేయాల్సింది పెద్ద పనేం కాదు. మొదటి నెల ఒకటి రెండు చేపలే వేయండి. రెండు నిమిషాల్లో తినేసేంత మేత చాలు. వారానికి పావు వంతు నీళ్లే మార్చండి, అందులో యాంటీ క్లోరిన్ మర్చిపోకండి. తీసేసిన ట్యాంకు నీళ్లలోనే స్పాంజిని పిండండి. ఫిల్టర్ రాత్రీ పగలూ నడవాలి, బ్యాక్టీరియాకూ ఆక్సిజన్ కావాలి. ఉత్త ఆర్‌ఓ నీళ్లు పోయకండి, చేపకు ఖనిజాలూ అవసరమే. ఊరికే నీలం మందు చుక్కలు వేయకండి, అది మన పనివాళ్లనూ చంపుతుంది. అమ్మోనియా, నైట్రైట్ సున్నా ఉండాలి. కనిపిస్తే ఆ రోజు మేత ఆపి, సగం నీళ్లు మార్చండి.

భీమవరం వైపు చెరువులున్నవాళ్లు చేప నీరసంగా కనిపిస్తే సీసాలో నీళ్లు పట్టుకుని ల్యాబుకు వెళతారు. వాళ్లకు చెరువులో ఉన్నది డబ్బు కాబట్టి ముందు నీళ్లను అనుమానిస్తారు. మన హాల్లో ఉన్నదీ ప్రాణమే కదా. ఈసారి దిష్టి తీసే ముందు నాలుగు చుక్కలు వేసి రంగు చూడండి. నిమ్మకాయలు తర్వాతైనా కొనుక్కోవచ్చు.