బాండ్ సర్కారుకు, బాకీ మేస్త్రీకి

చంద్రగిరిలో కాలువో, స్కూలు గదో కట్టే కాంట్రాక్టర్ ముందు సర్కారుకు పూచీ చూపాలి. పెద్ద పనులకు ఎక్కువగా బ్యాంకు గ్యారంటీయే దారి. దానికి డిపాజిట్ కట్టాలి, లేదా ఇంటి కాగితాలు తాకట్టు పెట్టాలి. చిన్నోళ్లు అక్కడే ఆగిపోతారు. 2022 ఫిబ్రవరిలో కేంద్రం తన పనులకు ఇన్సూరెన్స్ కంపెనీల ష్యూరిటీ బాండ్ కూడా చెల్లుతుందని నిబంధన మార్చింది. రాష్ట్ర శాఖల పనులకు ఏది చెల్లుతుందో టెండరు కాగితంలోనే చూసుకోవాలి.

మంచిదే. కానీ ఇది కాంట్రాక్టర్‌కు బీమా కాదు. పని ఆగితే కంపెనీ శాఖకు డబ్బు కట్టి, ఆ మొత్తం కాంట్రాక్టర్ దగ్గరే వసూలు చేసుకుంటుంది.

మన ఇళ్లకు తగిలేది ఇంకోటి. మనవాళ్లలో చాలామంది టెండరు వేసేవాళ్లు కాదు, వాళ్ల కింద మేస్త్రీలు, సెంట్రింగ్ వాళ్లు, ఇసుక తోలే ట్రాక్టర్ల వాళ్లు. కాంట్రాక్టర్ చేతులెత్తేస్తే బాండ్ సొమ్ము శాఖకు పోతుంది, మేస్త్రీ బాకీ అలాగే ఉంటుంది. అమెరికాలో 1935 నాటి మిల్లర్ చట్టం ఫెడరల్ కట్టడాలకు రెండు బాండ్లు అడుగుతుంది. ఒకటి పని పూర్తి కావడానికి, రెండోది కూలీలకు, సామాను ఇచ్చినవాళ్లకు డబ్బు అందడానికి. ఆ రెండోదాన్ని తప్పనిసరి చేసే చట్టం మనకు లేదు. మన ఎమ్మెల్యేలను, ఎంపీలను అడగాల్సింది అదే.

అందాకా నోటిమాట మీద సబ్ పని పట్టకండి. రేటు, కొలత, డబ్బిచ్చే తేదీ కాగితం మీద రాయించుకోండి. బిల్లు పడినప్పుడల్లా లెక్క తేల్చుకోండి, చివరి దాకా ఆగొద్దు.