ఇంటి గదిలో కార్ఖానా: చట్టం తలలు లెక్కపెట్టాలా, ప్రమాదాన్ని చూడాలా?

ఈ వారం వ్యాసాంశం సిలబస్‌లో ఈ పేరుతో ఎక్కడా కనిపించదు. కానీ జీఎస్-2లోని పాలన, జీఎస్-3లోని విపత్తు నిర్వహణ, అసంఘటిత రంగం, వ్యాస పేపర్ అన్నీ ఇక్కడ కలుస్తాయి. విషయం ఇది: ఇంట్లో ఒక గదిని పనిచోటుగా మార్చుకుంటే ప్రభుత్వం ఆ గదిలోకి ఎంతవరకు రావాలి? నా అభిప్రాయం ముందే చెబుతాను. గదిలో ఎంతమంది పనిచేస్తున్నారన్నది చట్టానికి మొదటి ప్రశ్న కాకూడదు. గదిలో ఏముందన్నది మొదటి ప్రశ్న కావాలి.

అన్నిటికంటే ప్రమాదకరమైన గది

అమెరికాలో వేటగాళ్లు, షూటింగ్ క్రీడాకారులు చాలామంది ఇంట్లోనే ఒక గది కేటాయించుకుని, గట్టి బల్ల బిగించుకుని, పేలిన తూటాల ఇత్తడి తొడుగుల్లో మళ్లీ మందు నింపుకుంటారు. సొంత వాడకం వరకు అక్కడ అది చట్టబద్ధమైన అలవాటు. అయినా హద్దులు లేకపోలేదు. అగ్ని భద్రతా ప్రమాణాలు రూపొందించే ఎన్‌ఎఫ్‌పీఏ సంస్థ నమూనా ప్రమాణం 495 ప్రకారం ఇంట్లో సొంత వాడకానికి పొగరాని మందును 20 పౌండ్ల వరకు, అంటే సుమారు 9 కిలోల వరకు మామూలుగా ఉంచుకోవచ్చు; అంతకు మించితే మందపాటి చెక్క పెట్టెలో పెట్టాలి. మందు కంపెనీ ఇచ్చిన అసలు డబ్బాలోనే ఉండాలి. ఇక్కడ గమనించండి. ఆ ప్రమాణం ఇంట్లో ఎంతమంది ఉన్నారని అడగడం లేదు. మందు ఎంత, ఎందులో ఉంచారు అని అడుగుతోంది.

మన దేశంలో ఆ గదికే తావు లేదు. ఆయుధాల చట్టం, 1959లోని సెక్షన్ 5 ప్రకారం లైసెన్సు లేకుండా ఆయుధాలు గానీ తూటాలు గానీ తయారు చేయకూడదు. 2019 సవరణ తర్వాత ఈ నేరానికి కనీస శిక్ష 7 ఏళ్లు, గరిష్ఠ శిక్ష యావజ్జీవం. పేలుడు పదార్థాల సంగతి 1884 చట్టం, 2008 నిబంధనలు చూస్తాయి. నాగపూర్‌లో ప్రధాన కార్యాలయం ఉన్న పెసో వాటి అమలు చూస్తుంది. ఆయుధాలు, తూటాలు, పేలుడు పదార్థాలు కేంద్ర జాబితాలో 5వ అంశం. "నేనొక్కణ్నే చేసుకుంటున్నాను", "మా ఇంట్లోవాళ్లమే చేస్తున్నాం" అన్న మాట ఇక్కడ చెల్లదు.

దేశాలు రెండు, దారులు రెండు. కానీ తర్కం ఒకటే: పదార్థం ప్రమాదకరమైతే తలల లెక్క అనవసరం.

పాండేసరలో తర్కం తిరగబడుతుంది

ఇప్పుడు సూరత్‌లోని పాండేసర వైపు రండి. జీఐడీసీ పారిశ్రామిక వాడ, డైయింగ్, ప్రింటింగ్ మిల్లులు, పవర్‌లూమ్ షెడ్లు, వాటిని ఆనుకునే ఇరుకు గదులు. ఒడిశా నుంచి, యూపీ, బిహార్ నుంచి వచ్చినవారితో పాటు తెలంగాణ చేనేత కుటుంబాలు కూడా సూరత్‌లో తరాలుగా ఉన్నాయి. సిరిసిల్లలో సాంచాలు అని పిలిచే మగ్గాలే ఇక్కడా చప్పుడు చేస్తుంటాయి. సాంచాల మీద మగవాళ్లు షిఫ్టు చేస్తే, చీరలకు దారాలు కత్తిరించడం, రాళ్లు అతికించడం, మడత పెట్టడం వంటి పనులు ఇళ్లలో ఆడవాళ్ల చేతుల మీదుగా నడుస్తాయి. పొయ్యి, పిల్లల పక్కబట్టలు, జిగురు డబ్బా, సింథటిక్ చీరల కట్టలు ఒకే గదిలో ఉంటాయి.

ఇన్నేళ్లూ ఈ పనిచోట్లను చట్టం ఏ కంటితో చూసింది? ఫ్యాక్టరీల చట్టం, 1948 ప్రకారం కరెంటు వాడితే 10 మంది, వాడకపోతే 20 మంది కార్మికులు ఉంటేనే అది ఫ్యాక్టరీ. అంతకంటే తక్కువ మంది ఉన్నచోటికి కూడా చట్టాన్ని వర్తింపజేసే అధికారం సెక్షన్ 85 రాష్ట్రాలకు ఇచ్చింది. కానీ యజమాని కేవలం తన కుటుంబ సభ్యుల సాయంతో పని నడిపితే ఆ అధికారం కూడా లేదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రతా కోడ్, 2020 ఫ్యాక్టరీ హద్దును కరెంటుతో 20కి, కరెంటు లేకుండా 40కి పెంచింది.

దీని ఫలితం ఊహించడం కష్టం కాదు. ఒకే షెడ్డు కాగితం మీద రెండు మూడు యూనిట్లుగా చీలుతుంది. ఎందుకంటే చీలితే లాభం. మంటకు మాత్రం ఆ కాగితం కనబడదు. 9 మంది ఉన్న గదిలోనూ, 11 మంది ఉన్న గదిలోనూ అది ఒకేలా పాకుతుంది.

కొత్త కోడ్‌కు న్యాయంగా ఒక మాట చెప్పాలి. కేంద్రం నోటిఫై చేసిన ప్రమాదకర, ప్రాణాంతక పనులు జరిగే సంస్థలకు ఈ సంఖ్యా పరిమితి వర్తించదు. అంటే నేను అడుగుతున్న సూత్రం చట్టంలో మినహాయింపుగా ఇప్పటికే ఉంది. దాన్ని మినహాయింపు స్థాయి నుంచి ప్రధాన సూత్రం స్థాయికి తేవాలన్నదే నా వాదన.

గది పేరు వేరు, గదిలో పని వేరు

నాలుగు ఘటనలు గుర్తుంచుకోండి. 2019 మే 24న సూరత్ సర్థాణాలోని వాణిజ్య భవనం పై అంతస్తులో కోచింగ్ తరగతులు జరుగుతుండగా మంటలు లేచి 22 మంది విద్యార్థులు చనిపోయారు. 2024 జులై 27న ఢిల్లీ ఓల్డ్ రాజేందర్ నగర్‌లో సామాన్ల నిల్వకు అనుమతి ఉన్న సెల్లార్‌ను లైబ్రరీగా వాడుతుండగా వరద నీరు చేరి ముగ్గురు సివిల్స్ అభ్యర్థులు మరణించారు. 2025 ఏప్రిల్ 1న గుజరాత్‌లోని డీసా వద్ద బాణసంచా గోదాములో పేలుడుకు 21 మంది బలయ్యారు. వారిలో మధ్యప్రదేశ్ నుంచి కుటుంబాలతో వచ్చిన కూలీలు, పిల్లలు ఉన్నారు. అదే నెల 13న అనకాపల్లి జిల్లా కైలాసపట్నంలో బాణసంచా తయారీ కేంద్రంలో 8 మంది చనిపోయారు.

మొదటి రెండూ ఫ్యాక్టరీలే కావు. ఒకచోట నిల్వ గది లైబ్రరీ అయింది, మరోచోట గోదాములో కుటుంబాలు ఉన్నాయి. లైసెన్సు మీద రాసిన పేరు గదిని కాపాడదు. గదిలో నిజంగా జరుగుతున్న పని ఏమిటో తెలిసిన అధికారి కాపాడగలడు.

మరి సీలు వేసేద్దామా?

ప్రతి ప్రమాదం తర్వాత మన యంత్రాంగం చేసే మొదటి పని సీళ్లు వేయడం. నాలుగు వారాలు హడావుడి, తర్వాత యథాప్రకారం. పాండేసరలో దారాలు కత్తిరించే తల్లి గదికి సీలు వేస్తే ఆమెకు పని పోతుంది. పని ఇచ్చిన సేటుకు మాత్రం పక్క వీధిలో మరో గది దొరుకుతుంది. ఇది భద్రత కాదు. ప్రమాదాన్ని ఒక వీధి అవతలికి జరపడం.

అహ్మదాబాద్‌లో 1972లో ఇలా భట్ ప్రారంభించిన సేవా సంస్థ దశాబ్దాలుగా చెబుతున్నది, ఇంటి నుంచి పనిచేసే స్త్రీ కూడా కార్మికురాలేనని. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో గృహ కార్యంపై 177వ ఒడంబడిక తెచ్చింది. పనిచోటు భద్రతా చట్టాలు ఇంటి పనికీ వర్తించాలి, కొన్ని రకాల పనులను, పదార్థాలను ఇంట్లో నిషేధించే నియమాలు ఉండాలి అని దాని 7వ అధికరణ అంటుంది. భారత్ దాన్ని ఇంకా ధ్రువీకరించలేదు. నిషేధమూ రక్షణా ఒకే వాక్యంలో ఉన్న ఆ అధికరణే నాకు సరైన దారిగా కనిపిస్తుంది.

మూడు గీతలు

మొదటిది, ఇంట్లో ఎన్నటికీ వద్దు అనే జాబితా: తూటాలు, బాణసంచా, తేలిగ్గా అంటుకునే ద్రావకాల పెద్ద నిల్వలు. జాబితా చిన్నదిగా ఉండాలి, మినహాయింపులు ఉండకూడదు.

రెండోది, షరతులతో సరే అనే జాబితా: సాంచాలు, వేడి యంత్రాలు, జిగురు, రంగు పనులు. షరతులు కూడా ఎవరికైనా అర్థమయ్యేలా ఉండాలి. బయటపడటానికి రెండో దారి, తాళం వేయని గ్రిల్, లోడుకు తగిన వైరింగ్, మెట్ల మీద సరుకు పెట్టకపోవడం, పొయ్యికీ పనికీ మధ్య గోడ.

మూడోది, స్వేచ్ఛగా చేసుకోవచ్చు అనే జాబితా: కుట్టు, దారాలు, మడతలు. ఇక్కడ తనిఖీ కాదు, ఈ-శ్రమ్ నమోదు, వెలుతురు, గాలి, కంటి పరీక్ష అవసరం.

"ఇన్ని గదులు తనిఖీ చేసేదెవరు? మళ్లీ ఇన్‌స్పెక్టర్ రాజ్ వస్తుంది కదా?" అని మీరు అడగవచ్చు. సరైన ప్రశ్నే. దీనికి జవాబు కూడా తూటాల చట్టంలోనే ఉంది. పోలీసులు ప్రతి ఇంటి బల్లనూ వెతకడం లేదు. మందు, తూటాలు అమ్మే దుకాణానికి లైసెన్సు, కొనేవాడికి లైసెన్సు, ప్రతి అమ్మకానికి లెక్క. వెయ్యి గదులకు కాపలా కాయడం కంటే పది గోదాములకు కాపలా కాయడం తేలిక. అలాగే ద్రావకం అమ్మే వ్యాపారి, ఇంటికి పని పంపే సేటు తమ సరుకు ఎక్కడికి పోతోందో రాసిపెట్టాలి. గది సరిచేసే ఖర్చులో వాటా కూడా సేటుదే కావాలి. అద్దె గదిలో ఉండే కూలి రెండో తలుపు పెట్టించలేడు.

రాజ్యాంగం దీనికి అడ్డు కాదు. భూ వినియోగం, భవన నియంత్రణ 12వ షెడ్యూల్‌లో 2వ అంశం, అగ్నిమాపక సేవలు 7వ అంశం. కార్మిక సంక్షేమం ఉమ్మడి జాబితాలో ఉంది. మునిసిపల్ కార్పొరేషన్, కార్మిక శాఖ, అగ్నిమాపక శాఖ ఒకే గది గురించి మూడు ఫైళ్లు నడపకుండా ఒకే పట్టిక ఉంచుకుంటే చాలు.

ఈ వ్యాసం పూర్తయ్యాక ఒక పని చేయండి. మీరు చదువుకుంటున్న గదినీ, స్టడీ హాలునూ ఒకసారి చూడండి. బయటికి రెండో దారి ఉందా? కిటికీ గ్రిల్ లోపలి నుంచి తెరుచుకుంటుందా? లేకపోతే యజమానిని ఈరోజే అడగండి. రేపు మీరు ఏ జిల్లాలో ఏ కుర్చీలో కూర్చున్నా, ఈ ప్రశ్న అడిగే అలవాటు అక్కడికి కూడా మీ వెంట వస్తుంది.

సాధన ప్రశ్న (250 పదాలు): "పనిచోటు భద్రతను కార్మికుల సంఖ్యతో కాక ప్రమాద స్వభావంతో నిర్ణయించాలి." గృహ ఆధారిత పనుల నేపథ్యంలో విమర్శనాత్మకంగా చర్చించండి.